దౌత్యంలో ఆమె వాటా

ఐక్యరాజ్య సమితి మహిళా స్థితిగతుల కమిషన్ 64వ సమావేశం 2020 మార్చి 9 నుంచి 20 వరకు న్యూయార్క్‌లో జరగవలసి ఉంది. మహిళల హక్కులపై 1995 నాటి బీజింగ్ ప్రకటనకు పాతికేళ్లు నిండుతున్న సందర్భం కావడంతో అనేక దేశాల మహిళా కార్యకర్తలు కొందరు సొంత డబ్బుతో, కొందరు చందాలు పోగుచేసుకుని ప్రయాణానికి సిద్ధమయ్యారు. కొవిడ్ భయంతో ఆ రెండు వారాల సమావేశం ఒక్క రోజుకు కుదించుకుపోయింది. ముందే ఖరారైన రాజకీయ ప్రకటనను ప్రభుత్వాలు మార్చి 9న ఆమోదించాయి. స్వచ్ఛంద సంస్థల సమాంతర వేదిక రద్దయింది. ఆరోగ్యరీత్యా ఆ నిర్ణయాన్ని మేము తప్పుపట్టడం లేదు. కానీ లాక్‌డౌన్లతో ఇళ్లు మూసుకుని, ఆడవారి మీద చాకిరీ, హింస రెండూ పెరగబోతున్న తరుణంలోనే వారి తరఫున మాట్లాడేవారికి నిలబడేందుకు చోటు లేకుండా పోయింది. ఆ తర్వాతి రెండేళ్లలో ఆ చోటు మరో రూపంలో, మరింత విశాలంగా తెరుచుకుంది. దాన్ని నిలుపుకోవాలన్నదే మా వాదన. ఓడలతో, వలసలతో పరదేశాలకు ముడిపడిన విశాఖపట్నానికి ఇది పరాయి విషయం కాదు.

దౌత్యం అనగానే మంత్రులు, రాయబారులు, కరచాలనాలు గుర్తుకొస్తాయి. అంతర్జాతీయ పత్రాల్లో మాటలు స్థిరపడే తీరు వేరు. ముసాయిదాలో ఒక వాక్యం ఉండాలా, పోవాలా అన్నది రాత్రిదాకా సాగే బేరసారాల్లో తేలుతుంది. సాధారణంగా ఆ గదిలోకి స్వచ్ఛంద సంస్థలకు ప్రవేశం ఉండదు. సమితి చార్టర్ 71వ అధికరణం ఆధారంగా సంప్రదింపుల హోదా పొందిన సంస్థలు ఆరు వేలకు పైగా ఉన్నాయి. 1927లో మన దేశంలో పుట్టిన ఆల్ ఇండియా విమెన్స్ కాన్ఫరెన్స్ వాటిలో ఒకటి. వీటికి ఓటు లేదు. లిఖితపూర్వక ప్రకటన ఇవ్వవచ్చు, అవకాశం వస్తే రెండు మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. అసలు పని గది బయట, వరండాలో జరుగుతుంది. టీ తాగడానికి వచ్చిన ప్రతినిధిని ఆపి, తమ ఊళ్లో ఏం జరుగుతోందో చెప్పి, సవరించిన వాక్యం రాసిన కాగితాన్ని ఆయన చేతిలో పెట్టే స్త్రీలలో చాలామంది జీతానికి వచ్చినవారు కారు. వారు టీచర్లు, నర్సులు, లాయర్లు, రిటైరైన ఉద్యోగినులు. సెలవు పెట్టుకుని వస్తారు. బీజింగ్‌లో 189 దేశాలు ఒప్పుకున్న కార్యాచరణ ప్రణాళికలోని 12 ప్రధానాంశాల్లో స్త్రీలపై హింస ఒకటిగా నిలిచిందంటే, దాని వెనుక ఇటువంటివారి ఏళ్ల శ్రమ ఉంది. 2020 ఏప్రిల్ 5న సమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ ఇళ్లలోనూ కాల్పుల విరమణ జరగాలని పిలుపునిచ్చినప్పుడు, హెల్ప్‌లైన్లకు వచ్చిన ఫోన్ల లెక్కలు ఆయన దాకా చేరి ఉండటానికి కారణమూ వీరే.

మహమ్మారి నడుమ ఇటువంటి ప్రయత్నం అంతకు నూరేళ్ల ముందే జరిగింది. 1919లో పారిస్‌లో శాంతి సదస్సు సాగుతున్నప్పుడు ఇన్‌ఫ్లుయెంజా ఇంకా ప్రాణాలు తీస్తూనే ఉంది. ఏప్రిల్ మొదటి వారంలో అమెరికా అధ్యక్షుడు విల్సనే మంచం పట్టారు; అది ఇన్‌ఫ్లుయెంజాయేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. మిత్రరాజ్యాల మహిళా ప్రతినిధులు ఫిబ్రవరి నుంచే అక్కడ మకాం వేసి, సదస్సులో మహిళల కోసం ప్రత్యేక కమిషన్ కావాలని అడిగారు. అది దక్కలేదు. పట్టు విడవకుండా తిరిగి తిరిగి, ఏప్రిల్ 10న నానాజాతి సమితి (ఐక్యరాజ్య సమితికి పూర్వరూపం) కమిషన్ ఎదుట తమ వాదన వినిపించారు. సమితిలోని పదవులన్నీ స్త్రీ పురుషులకు సమానంగా తెరిచి ఉండాలన్న నిబంధన ఒడంబడిక 7వ అధికరణంలో చేరింది. ఆ మహిళా ప్రతినిధులలో వలస దేశాల స్త్రీలకు చోటు లేకపోయిందన్న సంగతినీ మరువరాదు. మనవారు వేరే దారి వెతుక్కున్నారు. అదే ఏడాది ఆగస్టులో సరోజినీ నాయుడు లండన్ వెళ్లి బ్రిటిష్ పార్లమెంటు సంయుక్త కమిటీ ముందు భారత స్త్రీల ఓటు హక్కు కోసం సాక్ష్యం చెప్పారు; బొంబాయికి చెందిన హీరాబాయి టాటా, ఆమె కుమార్తె మిఠన్ కూడా అదే పని మీద అక్కడికి వెళ్లారు. అంతకు ముందు ఏడాదే ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటిమందికి పైగా బలితీసుకుంది. కమిటీ వారి కోరిక తీర్చలేదు. నిర్ణయాన్ని రాష్ట్రాల శాసనసభలకు వదిలిపెట్టింది. ఆ కాస్త సందును అందిపుచ్చుకుని మద్రాసు శాసనసభ 1921లో స్త్రీలకు ఓటు ఇచ్చింది. విశాఖపట్నం అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లా. ఆస్తి అర్హత ఉన్న కొద్దిమందికే దక్కినా, ఈ ఊరి ఆడవారి తొలి ఓటుకు లండన్‌లో ఎవరో పదవి లేకుండా చెప్పిన సాక్ష్యంతో సంబంధం ఉంది.

మళ్లీ మన కాలానికి వద్దాం. 2020 ఏప్రిల్‌లో కువైట్ ప్రభుత్వం అకామా (నివాస అనుమతి) గడువు తీరిన విదేశీయులకు క్షమాభిక్ష ప్రకటించింది. భారతీయులకు కేటాయించింది అయిదు రోజులు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఖద్దామాలుగా, అంటే ఇంటిపనికి, వెళ్లిన స్త్రీలలో పాస్‌పోర్టు కఫీల్ (యజమాని) చేతిలో ఉండిపోయినవారు, ఇల్లు వదిలి పారిపోయివచ్చి దాక్కున్నవారు ఉంటారు. అటువంటి మనిషికి ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివారు స్వదేశం చేరేందుకు ఇచ్చే పత్రం) దరఖాస్తు ఎవరో ఒకరు నింపిపెట్టవలసిందే. ఫొటో తీయించాలి, ఊరి చిరునామా సరిచూడాలి, ఏ రోజు ఎక్కడికి రావాలో తెలుగులో చెప్పాలి. రాయబార కార్యాలయానికి తోడుగా ఆ పనికి నిలబడింది స్వచ్ఛంద కార్యకర్తలే. ఔట్‌పాస్ చేతికందినా మన విమానాశ్రయాలు మూసి ఉండటంతో శిబిరాల్లో వారాలు గడపవలసివచ్చింది. మే 7న, విదేశాల్లో చిక్కుకున్నవారిని తీసుకొచ్చే వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. తూర్పు నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ జలాశ్వ అదే వారంలో మాల్దీవుల రాజధాని మాలే నుంచి 698 మందిని కొచ్చికి చేర్చింది; వారిలో 19 మంది గర్భిణులు. కష్టంలో ఉన్న కార్మికులకు, గర్భిణులకు, వృద్ధులకు ముందు చోటు ఇవ్వాలని ప్రభుత్వ నిబంధనల్లోనే రాసి ఉంది. కానీ ప్రాధాన్యం కాగితం మీద ఉండటం వేరు, గుర్తింపు పత్రం లేని మనిషి పేరు జాబితాలోకి ఎక్కడం వేరు. పేరు ఎక్కేదాకా ఫోన్ చేతిలో పట్టుకుని అధికారుల వెంటపడిన వారి పనిని దౌత్యం అనక మరేమంటాం?

రేవు పట్టణంలో ఉన్నవారికి నావికుల ఉదంతం కూడా గుర్తుండి ఉంటుంది. జగ్ ఆనంద్, అనస్తాసియా అనే రెండు ఓడల్లో 39 మంది భారతీయులు చైనా తీరంలో నెలల తరబడి చిక్కుకుపోయారు. వారి భార్యలు, తల్లులు విలేకరుల ముందుకు వచ్చి అడగడం, నావికుల యూనియన్లు వెంటపడటం లేకపోతే ఆ సంగతి రెండు దేశాల విదేశాంగ శాఖల మధ్య అంత గట్టిగా చర్చకు వచ్చేదా అన్నది మా సందేహం.

2021 మార్చి 15 నుంచి 26 వరకు కమిషన్ 65వ సమావేశం చాలావరకు ఆన్‌లైన్‌లో, తెర మీదే జరిగింది. ప్రజాజీవితంలో స్త్రీల భాగస్వామ్యం, హింస నిర్మూలన ఆ ఏటి ప్రధానాంశాలు. వీసా అక్కర్లేదు, టికెట్ అక్కర్లేదు, న్యూయార్క్‌లో హోటల్ గది అక్కర్లేదు. విశాఖలోని ఆరిలోవలోనో, గాజువాకలోనో ఉన్న కార్యకర్త సమాంతర వేదికలో పేరు నమోదు చేసుకుని కూర్చోగలిగే అవకాశం అలా కలిగింది. అయితే అక్కడ ఉదయం పది గంటలంటే ఇక్కడ రాత్రి ఏడున్నర. అన్నం వండి, పిల్లలకు పెట్టి, పగలంతా వారి ఆన్‌లైన్ పాఠాలతో చార్జింగ్ అయిపోయిన ఇంటిల్లిపాది ఒక్క ఫోన్‌ను చేతిలోకి తీసుకుని, డేటా మిగిలి ఉంటే, అర్థంకాని ఇంగ్లిషులో సాగే చర్చను వినాలి. అక్కడి మధ్యాహ్నం మూడు గంటల సమావేశానికి ఇక్కడ అర్ధరాత్రి దాటి అరగంట. పైగా తెర మీద వరండా ఉండదు. ప్రతినిధిని ఆపి మాట్లాడే చోటు లేక, ముసాయిదా మీద బేరం ఎక్కడ ఏ దశలో ఉందో తెలియక, అనుభవం ఉన్న సంస్థలు సైతం ఇబ్బందిపడ్డాయి. తెర వల్ల వినేవారి సంఖ్య పెరిగింది, ఒత్తిడి తెచ్చే శక్తి తగ్గింది. ఈ రెండింటినీ కలిపి చూడాలి. ఆన్‌లైన్ వచ్చింది కనుక అందరికీ చోటు దొరికిందని సరిపెట్టుకోవడం ఎంత పొరపాటో, వరండా పోయింది కనుక తెరను పక్కన పడేయాలనడమూ అంతే పొరపాటు.

నిర్ణయాలు చేసిన గదుల సంగతి వేరే చెప్పాలి. 2020లో వెలువడిన ఒక అధ్యయనం 87 దేశాల్లోని 115 కొవిడ్ కార్యదళాలను, నిపుణుల బృందాలను పరిశీలించి, వాటిలో 85 శాతం బృందాల్లో పురుషులదే మెజారిటీ అని తేల్చింది. ప్రపంచంలో ఆరోగ్య సిబ్బందిలో స్త్రీలు సుమారు 70 శాతం. మన ఆశా కార్యకర్తలకు 2022 మేలో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. పదిలక్షల మందికి పైగా ఉన్న ఆ స్త్రీలను ప్రభుత్వ పరిభాష నేటికీ స్వచ్ఛంద కార్యకర్తలనే అంటుంది. వారికి వచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం, ప్రోత్సాహకాలు. జెనీవాలో మనకు గౌరవం తెచ్చిన పనికి జెనీవాలో మాట్లాడే అధికారం రాలేదు. స్వచ్ఛందంగా చేస్తున్నారు కదా అని వారి శ్రమను ఉచితంగా వాడుకోవడం, మాట విషయానికి వచ్చేసరికి నిపుణులను పిలవడం న్యాయం కాదని మేము స్పష్టంగా చెప్పదలచుకున్నాం.

తెలుగునాట స్వచ్ఛంద సేవకు ఇంతకన్నా గట్టి అర్థం ఉండేది. 1923లో కాకినాడ కాంగ్రెస్ సందర్భంగా ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర కాపలా ఉన్న బాలిక దుర్గాబాయి, టికెట్ లేదని నెహ్రూను ఆపేసింది. ఆమే తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదివారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. ఆమె పేరిట మహిళా అధ్యయన కేంద్రం ఇప్పుడు అదే విశ్వవిద్యాలయంలో ఉంది. అంతర్జాతీయ ముసాయిదాలను చదవడం, అభ్యంతరాన్ని ఒక వాక్యంగా రాయడం, సంప్రదింపుల హోదాకు దరఖాస్తు చేయడం స్థానిక సంఘాలకు తెలుగులో నేర్పే పనిని ఆ కేంద్రం చేపట్టాలని మేము కోరుతున్నాం. ఆ హోదాకు సంస్థ ఏర్పడి రెండేళ్లు నిండి ఉండాలన్నది నియమం. విశాఖలో అంతకు ఎన్నో రెట్లు పాతవైన మహిళా సంఘాలకు లోపించింది అర్హత కాదు, దారి చెప్పేవారు.

కేంద్ర ప్రభుత్వం చేయవలసినది ఇంకా ఎక్కువ. 2020 సెప్టెంబరులో మన దేశం మహిళా స్థితిగతుల కమిషన్‌కు నాలుగేళ్ల కాలానికి ఎన్నికైంది. ఆ కాలం 2025తో ముగిసింది; అంటే మాట చెల్లించుకోగల స్థానం మనకు కొత్తేమీ కాదు. దూరం నుంచి పాల్గొనే ఏర్పాటును అత్యవసర కాలపు వెసులుబాటుగా గాక శాశ్వత నియమంగా, మాట్లాడే హక్కుతో సహా ఉంచాలని, ఆసియా, ఆఫ్రికా దేశాల పగటివేళలకు కొన్ని సమావేశాలనైనా కేటాయించాలని భారత ప్రతినిధులే ప్రతిపాదించాలి. వెళ్లగలిగినవారికి ప్రయాణ ఖర్చు, వెళ్లలేనివారికి అనువాదం, డేటా ఖర్చు ప్రభుత్వ బడ్జెట్‌లో ఉండాలి. సుదీర్ఘ చర్చల తర్వాత 2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒడంబడికను ఆమోదించింది. అందులో ఆరోగ్య, సంరక్షణ సిబ్బందికి ఒక అధికరణమే ఉంది. దాన్ని మన దేశంలో ఎలా అమలు చేయాలన్నది ఆశా కార్యకర్తలను, నర్సులను, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఇంటిపని స్త్రీలను కూర్చోబెట్టుకుని రాయాలి. ఇళ్లలో పనిచేసేవారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందాన్ని మన దేశం ఇప్పటికైనా ధ్రువీకరించాలి. మరో మహమ్మారి వస్తే కువైట్‌లో ఖద్దామాకు అండగా మన రాయబారి అడగగలిగేది అప్పుడే ఉంటుంది.

రాష్ట్ర ప్రభుత్వం తన పరిధిలో ప్రవాస తెలుగువారి కోసం పనిచేసే ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ద్వారా స్వచ్ఛంద మహిళా కార్యకర్తల జాబితాను దేశాలవారీగా సిద్ధం చేసి, విపత్తు వచ్చిన రోజున వారికి అధికారిక గుర్తింపు ఇచ్చేందుకు ఉత్తర్వులు ముందే తయారుగా ఉంచవచ్చు. ఏటా మార్చిలో జరిగే కమిషన్ సమావేశానికి లిఖితపూర్వక ప్రకటనల గడువు సాధారణంగా అంతకు ముందు అక్టోబరు, నవంబరు నెలల్లోనే ముగుస్తుంది. కనుక ఢిల్లీలో జరిపే సంప్రదింపులలో ఒకటి విశాఖపట్నంలో, తెలుగులో, దసరాకు ముందే జరగాలి.