2047 లెక్క పక్కా, 2022 బిల్లు మాత్రం ఇంకా తేలలేదు

2014లో మన ప్రణాళికా సంఘం ఒక కాలిక్యులేటర్ తయారు చేయించింది. కూరగాయల కొట్లో ఉండే రకం కాదు. 2047లో దేశానికి ఎంత బొగ్గు కావాలి, ఎంత కరెంటు కావాలి, ఎన్ని ఏసీలు తిరుగుతాయి, అన్నీ చెప్పేస్తుంది. ఒక్కో రంగానికీ నాలుగు మెట్లు పెట్టారు, మనకి నచ్చిన మెట్టు నొక్కుకోవచ్చు. మొదటిది ఏదో కానిచ్చేద్దాం అనే రకం, రెండోది కాస్త పట్టుదలగా, మూడోది దూకుడుగా. నాలుగో మెట్టుకి పేరు, నేను కల్పించింది కాదు సుమా, వాళ్లు పెట్టిందే, 'వీరోచిత ప్రయత్నం'. ముప్ఫై మూడేళ్ల తర్వాతి సంగతి అంత స్పష్టంగా చూడగలిగిన ఆ సంఘానికి, 2015 జనవరి 1 నాటికి తన ఆఫీసు బోర్డే మారిపోతుందన్న విషయం మాత్రం ఏ మెట్టు మీదా కనపడలేదు. నీతి ఆయోగ్ వచ్చింది, కాలిక్యులేటర్ని వారసత్వంగా పుచ్చుకుంది, కొత్త వెర్షన్ కూడా దించింది.

బెజవాడలో కూర్చుని జాతీయ ఇంధన విధానం గురించి మాట్లాడే అర్హత నీకెక్కడిదని మీరు అడగొచ్చు. అయ్యా, ఈ దేశంలో మాకు కాక ఇంకెవరికి ఉంది? ఇబ్రహీంపట్నం థర్మల్ మాకు కూతవేటు దూరం, 1979లో మొదటి యూనిట్ తిరిగినప్పటి నుంచి దాని కరెంటు రాష్ట్రమంతా వాడుకుంటోంది, బూడిద మాత్రం చుట్టుపక్కల డాబాల మీద ఆరేసిన బట్టలకి ఉచితం. కొండపల్లిలో గ్యాస్ ప్లాంట్లున్నాయి. స్వర్ణాంధ్ర 2047 దార్శనిక పత్రం విడుదలైంది మా మున్సిపల్ స్టేడియంలోనే, 2024 డిసెంబర్లో. దానికి ముందు విజన్ 2020 కూడా ఉండేది, 1999 నాటిది. 2020 రానే వచ్చింది, అందరం మాస్కులు కట్టుకుని ఇళ్లలో కూర్చున్నాం. పైగా మే నెలలో కృష్ణలంకలో మధ్యాహ్నం రెండింటికి ఫ్యాన్ ఆగిపోతే మనిషికి ఇంధన విధానం మీద కలిగే ఆసక్తి, పీహెచ్‌డీ చేసినా రాదు.

సరే, అసలు విషయానికొద్దాం. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ వాళ్లు కొన్నేళ్లకోసారి ఒక సర్వే వేస్తారు, రాబోయే రోజుల్లో దేశానికి ఎంత కరెంటు కావాలో అందులో ఉంటుంది. 18వ సర్వే 2011లో వచ్చింది. 2021-22లో గరిష్ఠ డిమాండ్ 2,83,470 మెగావాట్లు ఉంటుందని రాశారు. చివరి 70 మెగావాట్లు చూశారా, అక్కడే నాకు గౌరవం కలిగింది. రెండు లక్షల ఎనభై మూడు వేలు సుమారుగా అని వదిలేయలేదు, పదేళ్ల తర్వాతి ఆ డెబ్బైని కూడా పట్టుకున్నారు. తీరా ఆ ఏడాది వచ్చేసరికి డిమాండ్ 2,03,014 దగ్గర ఆగింది. తేడా ఎనభై వేల మెగావాట్లు. ఇబ్రహీంపట్నం ప్లాంటు ఇప్పుడున్న సైజులో 2,560 మెగావాట్లు కాబట్టి, అలాంటివి ముప్ఫై ఒకటి అన్నమాట. ముప్ఫై ఒక్క ఇబ్రహీంపట్నాలు కాగితం మీద పుట్టి కాగితం మీదే పోయాయి, పాపం, ఒక్క చొక్కా మీదా బూడిద పడలేదు. 2017లో వచ్చిన 19వ సర్వే ఇదే 2021-22కి అంకెని 2,25,751కి దించింది. అంటే సంవత్సరం దగ్గరికొచ్చేకొద్దీ చూపు మెరుగైంది. 2022 ఏప్రిల్లో అడిగుంటే ఇంకా కరెక్టుగా చెప్పేవారు.

తప్పు ఎప్పుడూ ఒకవైపే పడితే సగం తగ్గించి చదువుకునేవాళ్లం, ఆ సుఖం కూడా లేదు. 2016 చివర్లో వచ్చిన జాతీయ విద్యుత్ ప్రణాళిక ముసాయిదా, కడుతున్నవి కాకుండా 2027 దాకా కొత్త బొగ్గు ప్లాంట్లు అక్కర్లేదంది. అప్పటికి ఉన్నవే సగం నిద్రలో ఉన్నాయి లెండి, 2009-10లో దేశంలో బొగ్గు ప్లాంట్లు 77 శాతం సామర్థ్యంతో తిరిగితే 2019-20కి అది 56కి పడిపోయింది. తర్వాత ఎండలు ముదిరాయి, ఏసీలు పెరిగాయి, 2024 మే 30న దేశం డిమాండ్ రెండున్నర లక్షల మెగావాట్లు తాకింది, ఈలోగా 2031-32కల్లా ఇంకో 80 వేల మెగావాట్ల బొగ్గు ప్లాంట్లు కావాలన్నారు. మళ్లీ అదే ఎనభై వేలు! ఆ అంకె మీద వీళ్లకి ఏదో మొక్కు ఉండుంటుంది.

అణువిద్యుత్ సంగతి ఎత్తకపోతే పెద్దవాళ్లు బాధపడతారు. 1980 కల్లా 8,000 మెగావాట్లు అని హోమీ భాభా కాలంలో అనుకున్నారు, 1980 నాటికి ఉన్నది వెయ్యి కూడా కాదు. 2006లో కిరీట్ పారిఖ్ కమిటీ 2031-32కి 63 వేలంది. ఇప్పుడు చేతిలో ఉన్నది తొమ్మిది వేలకి కాస్త అటూ ఇటూ. కాబట్టి 2025 బడ్జెట్లో ఏం చేశారు? 2047కి లక్ష అన్నారు. మా శ్రీకాకుళం కొవ్వాడ వాళ్లనడగండి, ప్రకటనలు ఎన్ని విన్నారో, కరెంటు ఎంత చూశారో.

గ్యాస్ కథ ఇంకా దగ్గరిది. కృష్ణా గోదావరి బేసిన్ అంటే మన నదుల పేర్లే, మన తీరమే. 2009లో అక్కడి డీ6 బ్లాకులో గ్యాస్ మొదలైంది, రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని లెక్క. 2010లో 6 కోట్లు దాటింది, ఆ తర్వాత పదేళ్లపాటు జారుకుంటూ పోయింది. గ్యాస్‌ని నమ్ముకుని గోదావరి జిల్లాల్లో, కొండపల్లిలో కట్టిన ప్లాంట్లు మాత్రం ఎక్కడికీ జారిపోలేదు, అలాగే నిలబడ్డాయి. కొండపల్లి బొమ్మలకి కనీసం కొనేవాళ్లున్నారు.

ఇంతకీ అంచనా తప్పితే ఏమవుతుంది? ఎవరికి ఏమవుతుంది అని అడగాలి, అక్కడే ఈ శాస్త్రం గొప్పతనం ఉంది. అంచనా ఎక్కువై ప్లాంట్లు మిగిలిపోతే, ఒప్పందం ప్రకారం ఆ ప్లాంటు తిరగకపోయినా తిరగడానికి రెడీగా ఉంటే చాలు, ఫిక్స్‌డ్ ఛార్జీలు కట్టాల్సిందే. అలా మంటలు తగ్గించి ప్లాంటుని కూర్చోబెట్టడాన్ని బ్యాకింగ్ డౌన్ అంటారు. ఆ ఛార్జీల డబ్బు మన టారిఫ్‌లోకి వస్తుంది. అంచనా తక్కువై కరెంటు చాలకపోతే, కరెంటుని అప్పటికప్పుడు కొని అమ్మే ఎక్స్ఛేంజీకి పరిగెత్తి ఏ రేటుకి దొరికితే ఆ రేటుకి కొంటారు. ఆ డబ్బు ట్రూఅప్ పేరుతో, అంటే పాత ఖర్చుని తర్వాత సర్దుబాటు చేసే పేరుతో, మన బిల్లులోకి వస్తుంది. ఎటు తప్పినా సొమ్ము ఒకే జేబులోంచి పోతుంది, అంచనా వేసినాయన రిటైరై మనవళ్లతో ఉంటాడు.

ఎక్స్ఛేంజీ రేటు అంటే ఏమిటో 2022లో చూశాం. ఆ మార్చిలో యూనిట్ 20 రూపాయలు తాకింది, కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ వాళ్లు కంగారుపడి ఏప్రిల్ నుంచి 12కి మించొద్దని గీత గీశారు. గీత గీశాక రాత్రిపూట రేటు ఆ గీత మీదే కూర్చుంది, దొరికే కరెంటు కూడా తగ్గింది, మన రాష్ట్రంలో ఫ్యాక్టరీలకి పవర్ హాలిడే ఇచ్చారు. ఇప్పుడేమో ఎండాకాలం ఆదివారం మధ్యాహ్నం సోలార్ పోటెత్తి అదే ఎక్స్ఛేంజీలో రేటు సున్నా దాకా దిగుతుంది, అదే రోజు పొద్దుగుంకాక ఎగబాకుతుంది. రోజుని పదిహేను నిమిషాల ముక్కలుగా 96 చేసి అమ్మే బజారు అది. గుంటూరు యార్డులో మిర్చికి రేటు లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని సంక్రాంతి దాటాక అమ్ముకోవచ్చు, కరెంటుని మధ్యాహ్నం నుంచి రాత్రి ఏడింటి దాకా దాచడానికే ఇంకా టెండర్లు పిలుస్తున్నారు.

ఇక ఒప్పందాలు. సోలార్, గాలి కరెంటు కొనడానికి డిస్కంలు, అంటే మన ఇళ్లకి కరెంటు పంచే కంపెనీలు, పాతికేళ్లకి సంతకాలు పెట్టాయి. ప్రభుత్వం వయసు ఐదేళ్లు. 2019లో కొత్త ప్రభుత్వం వచ్చి, రేట్లు మరీ ఎక్కువ, మళ్లీ మాట్లాడుకుందాం రండి అంది, కేసులు నడిచాయి, మధ్యలో యూనిట్‌కి 2.43, 2.44 చొప్పున తాత్కాలికంగా కట్టారు, 2022 మార్చిలో హైకోర్టు అదేం కుదరదు, రాసుకున్న రేటే కట్టండంది. పాత రేట్లు ఎక్కువా కాదా అన్నది వేరే చర్చ, ఎక్కువేనని నా అనుమానం కూడాను. కానీ వచ్చే పాతికేళ్లకి పెట్టుబడి పెట్టమని ఎవరినైనా పిలిచేటప్పుడు ఈ ముచ్చట వాళ్లకి ముందే తెలిసి ఉంటుంది, వడ్డీలో కలుపుకుంటారు.

ట్రూఅప్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, అది మన జాతి మేధస్సుకి శిఖరం. 2022-23లో ఇంధనం, కొనుగోళ్ల ఖర్చు అనుకున్నదానికన్నా ఎక్కువైందని తేల్చి, ఆరు వేల కోట్ల పైచిలుకుని 2024 డిసెంబర్ నుంచి బిల్లుల్లో వాయిదాలుగా వేయడం మొదలుపెట్టారు. అప్పుడు వాడిన యూనిట్లకి ఇప్పుడు. మా కింది పోర్షన్లోకి మంగళగిరి నుంచి ఒక కుర్ర జంట కొత్తగా దిగింది. మొదటి బిల్లు పట్టుకుని ఆ అమ్మాయి పైకొచ్చింది.

"అంకుల్, ఇదేంటండీ, 2022 అని ఉంది? అప్పటికి మాకింకా పెళ్లే కాలేదు."

రీడింగ్ తీసే కుర్రాడు మెట్ల దగ్గరే ఉన్నాడు, మిషన్లోంచి ఇంకో కాగితం చింపుతూ ఓపికగా చెప్పాడు, "సర్వీస్ నంబర్ అదే కదా మేడమ్. మనుషులతో మాకు సంబంధం లేదు."

2022లో ఆ పోర్షన్లో ఉన్నది ఇద్దరు బ్యాచిలర్లు, రాత్రి పగలు ఏసీ వేసుకుని దుప్పటి కప్పుకుని పడుకునేవాళ్లు. వాళ్లిప్పుడు బెంగళూరులో ఉన్నారు. వాళ్ల చలికి ఈ అమ్మాయి డబ్బు కడుతోంది. బిల్లు కాగితం మీద అక్షరాలు రెండు నెలల్లో చెరిగిపోతాయి, బాకీ మాత్రం మూడేళ్లైనా చెక్కుచెదరదు.

ఇదంతా ఆలోచించి, వచ్చే ప్రజాభిప్రాయ సేకరణలో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) ముందు పెట్టడానికి ఒక వినతిపత్రం రాసుకున్నాను. ఇంధన అంచనా వేసిన ప్రతి ఒక్కరి పేరునా ఒక సర్వీస్ నంబర్ తెరవాలి. అంచనాకి, జరిగినదానికి తేడా మెగావాట్లలో లెక్కగట్టి, ఎటు తప్పినా సరే, ఆ నంబర్ మీద ట్రూఅప్ వేయాలి. మనిషి బదిలీ అయినా రిటైరైనా నంబర్ మారదు, ఆ సీట్లో ఎవరు కూర్చుంటే వాళ్లు కట్టుకోవాలి, మా కింది పోర్షన్ పద్ధతే. వీరోచిత ప్రయత్నం మెట్టు నొక్కినవాళ్లకి కమర్షియల్ కేటగిరీ. పెన్షన్ మీద భారం పడుతుందని ఎవరైనా అంటే మేం మరీ కసాయివాళ్లం కాదు, వాయిదాల సంఖ్య మీద బేరానికి సిద్ధమే.