వెయ్యో డబ్బా

మా ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు, చివరికి క్రికెట్ పిచ్చి కూడా లేదు. పెళ్ళిచూపులప్పుడు మా నాన్నకు అదే తెగ నచ్చింది. మరి తీరిక దొరికితే ఏం చేస్తావు బాబూ అని అడగడం మాత్రం ఆయనకు తోచలేదు.

తీరిక దొరికితే ఆయన దుకాణాల ముందు కారు ఆపి, దీపస్తంభాల అడుగున చేతులు పెడతారు. అమెరికాలో ఈ స్తంభాల మొదట్లో బిగింపులు కనబడకుండా రేకు తొడుగు ఒకటి ఉంటుంది. దాన్ని పైకెత్తితే కింద, పాతకాలం కెమెరా ఫిల్మ్ వచ్చే చిన్న డబ్బీ ఒకటి దొరుకుతుంది, అదీ అదృష్టం బాగుంటే. మూత తీస్తే చుట్ట చుట్టిన కాగితం. దాని మీద సంతకం చేసి, మళ్ళీ చుట్టి, డబ్బీని ఎక్కడిదక్కడ పెట్టేసి, లంకెబిందెలు దొరికినవాడిలా మొహం పెట్టుకుని కారెక్కుతారు. పట్టుచీర కట్టుకుని, ఒళ్ళో పులిహోర గిన్నెతో, ఎవరిదో గృహప్రవేశానికి ఆలస్యమవుతూ నేను కారులో కూర్చుని ఉంటాను.

దీన్ని జియోక్యాషింగ్ అంటారు. ఎవరో ఒకరు డబ్బా దాచి దాని అక్షాంశ రేఖాంశాలు వెబ్‌సైటులో పెడతారు. ఆ డబ్బానే వీళ్ళు ‘క్యాష్’ అంటారు, డబ్బు కాదు. మిగతావాళ్ళు జీపీఎస్ పట్టుకుని వెతుకుతారు. ఈ ఆట తెలియని మాలాంటి జనాన్ని ‘మగల్స్’ అంటారు, వాళ్ళ కంట పడకుండా డబ్బా తీయడమే గొప్ప. అందుకని ఆయన ఫోనులో మాట్లాడుతున్నట్టు నటిస్తూ పొదల చుట్టూ తిరుగుతారు. అలా తిరిగే మనిషిని చూస్తే నాకే అనుమానం వస్తుంది, ఇక ముక్కూమొహం తెలియనివాళ్ళ మాట చెప్పాలా? 2011లో ఇంగ్లండులోని వెథర్‌బీ అనే ఊళ్ళో ఇలాంటి డబ్బానే బాంబు అనుకుని, వీధి ఖాళీ చేయించి, నిపుణులు వచ్చి పేల్చేశారు. ఆ వార్త నేను దాచుకుని అవసరానికి వాడుతుంటాను. దానికి జవాబుగా ఆయన, 2008లో అంతరిక్ష కేంద్రంలో కూడా ఒక క్యాష్ పెట్టారనీ, అంగారకుడి మీద తిరుగుతున్న పర్సెవరెన్స్ రోవర్‌కు కూడా ఈ ఆట తాలూకు కోడ్ ఉందనీ చెబుతారు. అంగారకుడి మీద దీపస్తంభాలు లేవు కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

అసలు ఈ పాపం అమెరికా ప్రభుత్వానిది. మామూలు జనానికి అందే జీపీఎస్ సంకేతాల్లో అంతవరకూ కావాలనే కొంత తప్పు కలిపేవారు, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే 2న ఆ కల్తీ ఆపేశారు. మర్నాడే డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓరెగన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర చెట్లలో ఒక బకెట్టు దాచి, పదండి వెతకండి అన్నాడు. అందులో పుస్తకాలు, వీడియోలు, కొంత డబ్బు, ఒక పంగలకర్ర, ఒక చిక్కుడుగింజల డబ్బా. ఉపగ్రహాల కళ్ళు తెరిపిస్తే మనిషి చేసిన మొదటి పని ఇదీ. ఆ బకెట్టు పోయింది కానీ చిక్కుడుగింజల డబ్బా మిగిలింది, దాన్ని ఈ సంఘం వాళ్ళు ఇప్పటికీ భద్రంగా చూసుకుంటారు. బకెట్టు పెట్టిన చోట స్మారక ఫలకం కూడా వేయించారు. మేముండేది పోర్ట్‌లాండ్ పక్కనే కనుక, అది మా ఇంటికి దగ్గరే కావడం నా జాతకం.

తెనాలి నుంచి అత్తయ్యగారు వచ్చిన మొదటి ఆదివారం, ఊరంతా చుట్టాలను తీసుకెళ్ళే మల్ట్‌నోమా జలపాతానికి కాకుండా, మా ఆయన తల్లిని ఆ ఫలకం దగ్గరకు తీసుకెళ్ళారు. ఆవిడ చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి, "పాపం, ఎవరిదిరా సమాధి? చిన్న వయసేనా?" అని అడిగారు.

"సమాధి కాదమ్మా, ఇక్కడ మొదటి డబ్బా పెట్టారు."

"డబ్బాకా ఇంత రాయి?" అన్నారు ఆవిడ. కాపురానికి వచ్చాక మొదటిసారి అత్తగారి మీద నాకు నిజమైన ప్రేమ పుట్టింది.

ఆవిడ వెంట ముద్ద ఇంగువ వచ్చింది. మూడు కవర్లలో కట్టి, పైన తువ్వాలు చుట్టినా దాని వాసన పెట్టెలోని చీరలన్నిటికీ అంటింది. వంటింట్లో పెడితే బీరువాలో కోట్లకు కూడా పట్టింది. "అత్తయ్యా, దీన్ని గాలి చొరని డబ్బాలో ఏదైనా పెడదామా?" అన్నాను. అంతే, అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు.

ఆవిడ రోజూ తెల్లవారగానే చీర మీద స్వెట్టరు, కాళ్ళకు బూట్లు వేసుకుని ఇంటి వెనక పార్కులో నడిచి వస్తారు. రెండు మూడు రోజుల్లో ఇంగువ చక్కగా ఒక డబ్బాలోకి చేరింది. నాలుగు వైపులా బిగించే రెక్కలు, ఆకుపచ్చ మూత, మూత లోపల రబ్బరు పట్టీ. వాసన బయటికి రావడం ఆగింది. తెనాలి నుంచి తెచ్చుకున్నారేమో అనుకున్నాను. ఐస్‌క్రీమ్ తిన్న డబ్బాను కూడా మూడు తరాలు వాడే వంశం వాళ్ళది, అలాంటి ఇంట్లో కొత్త డబ్బా కనబడితే ఎవరు ఆరా తీస్తారు? అదే సమయానికి మా వాడి చేతిలో ఒక ప్లాస్టిక్ డైనోసార్ కనబడటం మొదలైంది. దేవుడి పటాల ముందు ఇత్తడి రంగు బిళ్ళ ఒకటి వెలిసింది, దానికి రోజూ కుంకుమబొట్టు.

ఇటువైపు మా ఆయనకు తొమ్మిది వందల తొంభై తొమ్మిది డబ్బాలు పూర్తయ్యాయి. వెయ్యోది ప్రత్యేకంగా ఉండాలని ఇంటికి అన్నిటికంటే దగ్గరగా, వెనక పార్కులోనే ఉన్నదాన్ని ముట్టుకోకుండా అట్టేపెట్టుకున్నారు. వెతకడం ఎంత కష్టమో ప్రతి డబ్బాకూ 1 నుంచి 5 వరకు మార్కులు ఇస్తారు. దీనికి 1.5. అంటే ఎలిమెంటరీ బడి పిల్లలు పరుగెత్తుకుంటూ వెళ్ళి తెచ్చే రకం.

శనివారం ఉదయం తెల్లచొక్కా వేసుకుని వెళ్ళారు, ఫోటో కోసమట. మధ్యాహ్నం వచ్చేసరికి చొక్కా చేతులు బ్లాక్‌బెర్రీ ముళ్ళకు చిరిగిపోయి, మోచేతుల మీద దురదగొండి ఆకులు చేసిన దద్దుర్లు. అత్తయ్యగారు పసుపు రాసి, "ఏం పోగొట్టుకున్నావురా?" అని జాలిపడ్డారు. డబ్బా దొరక్కపోతే ఆ సంగతి నిజాయితీగా వెబ్‌సైటులో రాసుకోవాలి. రాస్తే మ్యాపులో ఆ చోట నీలిరంగు ఏడుపు మొహం వస్తుంది. ఆ మొహం తెర మీద ఒకటి, తెర ముందు ఒకటి.

ఆదివారం మళ్ళీ వెళ్ళారు. సోమవారం ఆఫీసుకు పోతూ వెళ్ళారు. రాత్రి బాత్రూముకు లేచి చీకట్లో ఆ డైనోసార్ మీదే కాలేసి, దాన్ని తిట్టుకుంటూ కుంటారు. ఇంకెవరో ఇద్దరు కూడా వెతికి దొరకలేదని రాశారట. డబ్బా పెట్టిన పెద్దావిడ స్వయంగా వచ్చి చూడబోతోందట. చారు అన్నంలో కలుపుకుంటూ ఈ విషయాలన్నీ చెప్పి, "చారు ఈ మధ్య అద్భుతంగా ఉంటోందమ్మా" అన్నారు.

"ఇంగువ వాసన పోకుండా దాచా నాయనా, అందుకని."

"అసలు ఎలా ఉంటుందండీ ఆ డబ్బా?" అని నేను ఊరికే అడిగాను. ఆయన ఫోనులో బొమ్మ చూపించారు. ఆకుపచ్చ మూత. నాలుగు రెక్కలు.

భోజనాలయ్యాక అత్తయ్యగారిని వంటింట్లో పట్టుకున్నాను. ఆవిడ దాచిందేమీ లేదు. "పార్కులో పడిపోయిన పెద్ద దుంగ ఒకటి ఉందే, దాని కింద బెరడు ముక్కలు కప్పి ఉంది అమ్మాయ్. పిల్లలెవరో ఆడుకుని మరిచిపోయారు. పైన ఏదో కాగితం అంటించి ఉంటే వేడినీళ్ళలో నానబెట్టి గీకేశాను. లోపల నోటుపుస్తకం ఉంది, ముందు పేజీల్లో పిచ్చిగీతలు తప్ప మిగతాదంతా ఖాళీ. వృథా చేయడమెందుకని రామకోటి రాస్తున్నా."

ధర్మంగా అయితే ఆ రాత్రే ఆయనకు చెప్పాలి. ఎన్ని గృహప్రవేశాలకు ముహూర్తం దాటాక వెళ్ళామో గుర్తొచ్చింది. బుధవారం చెప్పాను.

చెప్పాక ఆయన చాలాసేపు ఇంగువ డబ్బా వంకే చూశారు. కోపం వస్తుందనుకున్నాను. ఆయనకు వచ్చింది ధర్మసందేహం. వంటింట్లో దొరికితే దొరికినట్టు లెక్కా, కాదా? దాచిన చోట దొరికితేనే కదా లెక్క? సంతకం ఇప్పుడు చేయవచ్చా? కురుక్షేత్రంలో అర్జునుడు కూడా ఇంతసేపు ఆలోచించి ఉండడు, అవతల సైన్యం ఎదురుచూస్తోంది కనుక.

అత్తయ్యగారు ఇంగువను తన పాత కవర్లలోకి మార్చారు, కోట్లు మళ్ళీ ఘుమఘుమలాడాయి. డబ్బాను సబ్బుతో, నిమ్మచెక్కతో, సోడా ఉప్పుతో తోమాం. వాసన చలించలేదు. అసలు గొడవ నోటుపుస్తకం దగ్గర వచ్చింది. ముందు పేజీల్లో అందరి సంతకాలూ ఉన్నాయి, కాబట్టి పుస్తకం తిరిగి పెట్టాల్సిందే. మరి తర్వాతి పేజీల నిండా శ్రీరామ, శ్రీరామ. ఆ కాగితాలు చింపేద్దామని మా ఆయన చెయ్యి వేశారు.

"రామనామం చింపుతావురా?" అన్నారు అత్తయ్యగారు. ఆ గొంతుకు ఆయన చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది.

మర్నాడు తెల్లవారుజామున ముగ్గురం పార్కుకు బయలుదేరాం. ఫోను చెట్ల గుబురులో దారి తప్పి, ఒకసారి కాలవలోకి దిగమంది, ఒకసారి ముళ్ళపొద చూపించింది. పెద్ద చెట్ల కింద ఉపగ్రహాల లెక్క కాస్త అటూ ఇటూ అవుతుందని ఆయన వివరిస్తుండగానే అత్తయ్యగారు కొంగు బిగించి తిన్నగా దుంగ దగ్గరకు నడిచి, "ఇదిగో ఇక్కడ" అన్నారు. ఆయన మూడు రోజులు వెతికింది అవతలి దుంగ.

అప్పుడు మా ఆయన ధర్మసందేహానికి పరిష్కారం దొరికింది. ఆయన వెనక్కి తిరిగి, ఒక ఫర్ చెట్టుకు ఎదురుగా కళ్ళు మూసుకుని నిలబడతారు. తల్లి డబ్బాను యథాస్థానంలో దాస్తుంది. తర్వాత ఆయన కళ్ళు తెరిచి వెతికి కనిపెడతారు. ఆఫీసులో పదిమంది ఇంజినీర్లకు పైఅధికారి ఆయన. కుక్కను నడిపించుకుంటూ పోతున్న ఒకాయన ఆగి, చెట్టుకు మొహం ఆనించి నిలబడ్డ మనిషిని, దుంగ కింద చీరతో వంగిన పెద్దావిడను, పక్కన డైనోసార్ పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి, శుభోదయం చెప్పి, కాస్త వేగంగా వెళ్ళిపోయాడు.

"దొరికింది!" అని మా ఆయన ఆనందంగా అరిచారు. వెయ్యో సంతకం శ్రీరామల కింద పడింది. బిళ్ళ కూడా బొట్టుతో సహా లోపలికి వెళ్ళింది. అది ఎవరో దేశాలు తిరగడానికి వదిలిన నాణెమట, దాని మీది నంబరుతో ఎక్కడెక్కడ తిరిగిందో చూసుకోవచ్చట. మా దేవుడి గదిలో ఉన్న రోజులు ఆ చిట్టాలోకి ఎక్కలేదు.

ఇక్కడితో అయిపోవాలి. కానీ ఈ సంఘం వాళ్ళు పిజ్జా దుకాణంలో నెలకోసారి కలుస్తారు. అత్తయ్యగారిని ఒంటరిగా ఇంట్లో వదలలేక అందరం వెళ్ళాం. రిటైరైన బస్సు డ్రైవరు, లెక్కల టీచరు, నర్సు, ఒళ్ళంతా పచ్చబొట్లున్న కుర్రాడు, అందరూ ఏళ్ళ తరబడి స్నేహితులు, ఒకరి అసలు పేరు ఒకరికి తెలియదు. వెబ్‌సైటు మారుపేర్లతోనే పిలుచుకుంటారు. వాళ్ళను వెక్కిరించాలనే వెళ్ళాను, కానీ మా వాడికి ఎత్తు కుర్చీ తెచ్చింది, అత్తయ్యగారి కోసం మాంసం లేని పిజ్జా అడిగి మరీ తెప్పించింది వాళ్ళే. చెప్పక తప్పదు.

ఆ రోజు బల్ల చుట్టూ తీవ్రమైన చర్చ జరుగుతోంది. మా పార్కు డబ్బాలోని పుస్తకంలో ఎవరో రహస్యలిపిలో ఏదో సందేశం రాశారట. ఈ ఆటలో మిస్టరీ డబ్బాలని కొన్ని ఉంటాయి, ముందు పజిల్ విప్పితేగానీ వాటి చోటు తెలియదు. ఇది కూడా అలాంటిదేనని లెక్కల టీచరు తేల్చారు. "మూడే గుర్తులు, అదే వరసలో మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. మూడంటే డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు!" అని ఆయన ఫోటోను పెద్దది చేసి చూపించారు. పచ్చబొట్ల కుర్రాడు ఏ పేజీలో ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టి పట్టిక వేసుకొచ్చాడు. ఆ అక్షరాలను ఫోనుకు చూపిస్తే ఏ భాషో క్షణంలో చెప్పేసేది. అలా చూడటం వాళ్ళ దృష్టిలో మోసం.

మా ఆయన పిజ్జా అంచును చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

అత్తయ్యగారు మెడ చాచి ఫోటో చూసి, "ఇది నా దస్తూరీ కదూ!" అన్నారు.

తెలుగులో అన్నా అందరికీ అర్థమైంది. మిగతాది నేనే అనువాదం చేయాల్సి వచ్చింది. పార్కు, ఇంగువ, రామకోటి, చెట్టుకు మొహం పెట్టుకుని నిలబడటం, ఏదీ వదల్లేదు. పట్టిక వేసిన కుర్రాడు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. డబ్బా పెట్టిన పెద్దావిడ ఆ బల్ల దగ్గరే ఉంది. ఆవిడ తన సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. మూల ఒకటి కొరికేసి ఉంది. తినే వస్తువులు క్యాషుల్లో పెట్టకూడదని నియమం, వాసనకు జంతువులు వస్తాయని. ఇంగువ లేకపోయినా దాని వాసన చాలింది, ఏ రకూనో దుంగ కింద నుంచి డబ్బాను ఈడ్చుకెళ్ళి కాలవ గట్టున పడేసింది. ఇక అక్కడ ఇనప పెట్టె పెడతానని చెప్పి, ఆవిడ ఆకుపచ్చ మూత డబ్బాను అత్తయ్యగారి చేతిలోనే పెట్టింది. మిగిలినవాళ్ళు తమ సంచుల్లో అదనంగా మోసుకు తిరిగే ఖాళీ నోటుపుస్తకాలు తీసి ఆవిడ ముందు పోగేశారు. ఆరు నెలల రామకోటికి సరిపోతాయి.

ఇంటికొచ్చే దారిలో మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, పెట్టె మారింది కాబట్టి దాన్ని మళ్ళీ కొత్తగా వెతకాలా, లేక పాత సంతకమే చెల్లుతుందా అని తనలో తానే అడిగారు.

వెనక సీట్లోంచి అత్తయ్యగారు, "ముందు వంటింట్లో చూడరా" అన్నారు.