రెండు తీగల కోసం డ్రైవ్ మొత్తం దించాలా?

పడవ వెనుక వేలాడుతూ ప్రొపెల్లర్‌ను తిప్పే స్టెర్న్ డ్రైవ్‌కు ఉండే ట్రిమ్ సెన్సర్ మళ్లీ పోయింది. గేజి ముల్లు అడుగున అతుక్కుపోయి కదలడమే లేదు. డ్రైవ్ ఎంత పైకి లేచిందో తెలియకుండా పడవ నడిపేది ఎలా?

చూస్తే అరచేతిలో ఇమిడే గుండ్రటి డబ్బా, రెండే స్క్రూలు. విప్పగానే లోపలి నుంచి పచ్చటి చిలుము కలిసిన నీళ్లు కారాయి. ఎప్పుడూ నీళ్లలో నానే వస్తువులోకి నీరు చొరబడకుండా చేయలేరా!

అసలు నరకం తీగలది. అవి గింబల్ రింగు (డ్రైవ్‌ను పడవకు పట్టి ఉంచి అటూ ఇటూ తిరగనిచ్చే చట్రం) వెనుకగా పడవ వెనుక గోడ దాటి ఇంజను దగ్గరికి వెళతాయి. కొత్తవి సరిగ్గా లాగాలంటే డ్రైవ్ మొత్తం విప్పి దించాల్సిందే. బయటే నీరు చొరని ప్లగ్గు ఒకటి పెట్టి ఉంటే అరగంట పని. నాకు మూడు రోజులు పట్టింది. తీరా చూస్తే, అవతలి వైపున, డ్రైవ్ మరీ పైకి లేవకుండా ఆపే లిమిట్ స్విచ్ తీగ కూడా పగిలి ఉంది.