అమెరికా గురించి ఏటా జూలైలో తిరిగే ఆ మెసేజ్‌కు నా జవాబు

జూలై మొదటి వారం వచ్చిందంటే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతుంది. ఏటా అదే. అందులో ఉండేది ఇది: "1776 జూలై 4న అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చింది. ఆ రోజే రాజ్యాంగం రాసుకున్నారు, వాషింగ్టన్‌ను అధ్యక్షుణ్ణి చేసుకున్నారు. మనం రాజ్యాంగాన్ని వందసార్లు మార్చాం, వాళ్లు ఒక్క అక్షరం మార్చలేదు. లింకన్ ఒక్క సంతకంతో బానిసత్వం పోయింది. మొదటి రోజు నుంచీ అందరికీ ఓటు. అందుకే వాళ్లు అక్కడ, మనం ఇక్కడ."

డల్లాస్‌లో స్థిరపడ్డ మా పిల్లలు కూడా దీన్ని ఫార్వర్డ్ చేస్తుంటే మనసు చివుక్కుమంటుంది. వాళ్లు ఆ దేశంలో అడుగుపెట్టడానికి దారి వేసిన మనుషులెవరూ ఈ మెసేజ్‌లో కనిపించరు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతున్నాను.

"ఆ రోజే స్వాతంత్ర్యం, రాజ్యాంగం, అధ్యక్షుడు." మొదటి దానికీ చివరి దానికీ మధ్య దాదాపు పదమూడేళ్లు గడిచాయి. బ్రిటన్ నుంచి విడిపోవాలని కాంగ్రెస్, అంటే అక్కడి ప్రతినిధుల సభ, ఓటు వేసింది జూలై 2న. ఇకపై తరతరాలూ జూలై 2నే పండగ చేసుకుంటాయని జాన్ ఆడమ్స్ మర్నాడు భార్యకు ఉత్తరం కూడా రాశాడు. 4న జరిగింది ప్రకటన పాఠాన్ని ఆమోదించడం. యుద్ధం ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగింది, బ్రిటన్ ఒప్పుకున్నది 1783లో. ఈలోగా నడిచింది వేరే ఏర్పాటు. అందులో అధ్యక్షుడనే పాలకుడు లేడు, కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారం లేదు. 1786లో మసాచుసెట్స్‌లో అప్పుల్లో కూరుకుపోయిన రైతులు తిరగబడి కోర్టులు మూయిస్తే, దళాన్ని దింపడానికి అక్కడి ప్రభుత్వం వ్యాపారుల దగ్గర చందాలు పోగుచేసుకోవాల్సి వచ్చింది. ఆ దెబ్బతోనే 1787లో ఫిలడెల్ఫియాలో కూర్చుని కొత్త రాజ్యాంగం రాశారు. హాజరైనవారు 55 మంది, సంతకాలు పెట్టినవారు 39 మంది. రోడ్ ఐలండ్ అసలు ప్రతినిధులనే పంపలేదు. వాషింగ్టన్ ప్రమాణం చేసింది 1789 ఏప్రిల్ 30న, న్యూయార్క్‌లో.

"ఒక్క అక్షరం మార్చలేదు." ఇప్పటికి 27 సవరణలు జరిగాయి. మొదటి పది 1791లోనే వచ్చాయి, ఎందుకంటే పౌరుల హక్కుల మాటేదని చాలా రాష్ట్రాలు పట్టుబట్టాయి. 1919లో మద్యాన్ని నిషేధిస్తూ ఒక సవరణ, 1933లో దాన్ని ఎత్తేస్తూ ఇంకొకటి. రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఎన్నిక కాకూడదన్న నియమం కూడా 1951 దాకా రాజ్యాంగంలో లేదు. 27వ సవరణ కథ నాకు చాలా ఇష్టం. కాంగ్రెస్ సభ్యులు జీతాలు పెంచుకుంటే అది తర్వాతి ఎన్నికలయ్యాకే అమలవ్వాలని 1789లో ప్రతిపాదించారు. తగినన్ని రాష్ట్రాలు ఒప్పుకోక మూలన పడింది. 1982లో టెక్సాస్ యూనివర్సిటీలో ఒక విద్యార్థి, ఇది ఇంకా బతికే ఉందని క్లాసులో వ్యాసం రాస్తే సి గ్రేడు ఇచ్చారు. ఆ కుర్రాడు పట్టు వదలకుండా రాష్ట్రాల చట్టసభలకు ఉత్తరాలు రాశాడు. 1992లో అది రాజ్యాంగంలో చేరింది.

మనతో పోలిక కూడా సరికాదు. మన రాజ్యాంగం పెద్దది, చిన్నచిన్న ఏర్పాట్లు కూడా అందులోనే రాసుకున్నాం కాబట్టి వాటిని మార్చాలన్నా సవరణే కావాలి. చాలా సవరణలకు పార్లమెంటు చాలు. అక్కడ సవరణకు నాలుగింట మూడు వంతుల రాష్ట్రాలు ఒప్పుకోవాలి.

"లింకన్ ఒక్క సంతకం." లింకన్ మీద గౌరవంతోనే చెబుతున్నాను. 1863 జనవరి 1న, కొత్త సంవత్సరం విందులో గంటల తరబడి కరచాలనాలు చేసి ఆయన చెయ్యి మొద్దుబారింది. సంతకం వణికితే తాను తటపటాయించానని రేపు జనం అనుకుంటారని కాసేపు ఆగి, కుదురుగా పేరు రాశాడు. ఆ బానిస విముక్తి ప్రకటన వర్తించింది, దేశం నుంచి విడిపోతామని తిరుగుబాటు చేసి అంతర్యుద్ధానికి దిగిన దక్షిణాది ప్రాంతాలకే. యూనియన్‌లోనే, అంటే లింకన్ ప్రభుత్వం వైపే, ఉండిపోయిన కెంటకీ, డెలావేర్ లాంటి రాష్ట్రాల్లో బానిసలు బానిసలుగానే ఉన్నారు. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌కు విడుదల ఉత్తర్వు చేరేసరికి 1865 జూన్ 19. దేశమంతటా బానిసత్వాన్ని తీసేసింది 13వ సవరణ. అది 1865 డిసెంబర్‌లో ఆమోదం పొందేనాటికి లింకన్ బతికి లేడు. ఆ మధ్యలో తోటలు వదిలి యూనియన్ సైన్యం దగ్గరికి పారిపోయినవాళ్లు, ఆ సైన్యంలో చేరి పోరాడిన దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికులు ఈ మెసేజ్‌లో ఎక్కడ?

ఇక అన్నింటికన్నా నాకు బాధ కలిగించే మాట: "మొదటి రోజు నుంచీ అందరికీ ఓటు." ఓటు ఎవరికివ్వాలో 1787 రాజ్యాంగం రాష్ట్రాలకే వదిలేసింది. ఎక్కువ చోట్ల ఆస్తి ఉన్న తెల్లజాతి మగవాళ్లే ఓటర్లు. న్యూజెర్సీలో ఆస్తి ఉన్న ఒంటరి ఆడవాళ్లు కొన్నాళ్లు ఓటు వేశారు, 1807లో అదీ తీసేశారు. ఆడవాళ్లకు దేశమంతటా ఓటు వచ్చింది 1920లో. ఆ సవరణకు ఇంకొక్క రాష్ట్రం ఒప్పుకోవాలి, టెనెసీ రాష్ట్ర సభలో సగం సగంగా చీలారు. హ్యారీ బర్న్ అనే 24 ఏళ్ల సభ్యుడు వ్యతిరేకుల గుర్తయిన ఎర్ర గులాబీ కోటుకు పెట్టుకుని వచ్చాడు. జేబులో మాత్రం వాళ్లమ్మ ఉత్తరం ఉంది, ఓటు హక్కుకు మద్దతివ్వమని. పేరు పిలవగానే అవునన్నాడు.

నల్లజాతి మగవాళ్లకు 1870లోనే 15వ సవరణ కాగితం మీద ఓటిచ్చింది. దక్షిణాదిలో దాన్ని ఓటు పన్నుతో, చదువు పరీక్షతో, కొట్టి చంపి లాగేసుకున్నారు. రాష్ట్ర రాజ్యాంగంలో ఒక పేరా ఇచ్చి అర్థం చెప్పమనేవారు, చెప్పింది ఒప్పో తప్పో తేల్చేది అక్కడి గుమాస్తాయే. 1952లో మన నల్గొండలో కూలీలు, ఆడవాళ్లు వరుసల్లో నిలబడి రావి నారాయణరెడ్డికి, నెహ్రూకు ఆయన నియోజకవర్గంలో వచ్చినవాటికంటే ఎక్కువ ఓట్లు వేశారు. అదే ఏడాది మిసిసిపీలో చదువుకున్న నల్లజాతి టీచరమ్మను కూడా ఆ పరీక్షతో వెనక్కి పంపేవారు. "వాళ్లు అక్కడ, మనం ఇక్కడ" అనేవాళ్లు ఈ రెండు దృశ్యాలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

1965 మార్చి 7న అలబామా రాష్ట్రంలోని సెల్మాలో ఓటు కోసం వంతెన మీద నడుస్తున్న దాదాపు 600 మందిని పోలీసులు లాఠీలతో బాదారు. ముందు నడిచిన జాన్ లూయిస్ పుర్రె చిట్లింది. ఆ దృశ్యాలు టీవీలో చూసి దేశం కదిలింది, ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది.

మన సంగతికొస్తే, 1790 చట్టం ప్రకారం బయటినుంచి వచ్చినవారిలో తెల్లవారికే పౌరసత్వం. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌కు కూడా, నువ్వు తెల్లవాడివి కావని 1923లో సుప్రీంకోర్టు చెప్పింది. భారతీయులకు ఆ తలుపు తెరిచింది 1946లో, అదీ ఏడాదికి వంద మంది కోటాతో. ఆ కోటాల పద్ధతిని తీసేసిన వలస చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ 1965 అక్టోబర్ 3న సంతకం పెట్టాడు. సెల్మా తర్వాత ఓటు చట్టం చేసిన కాంగ్రెసే దాన్నీ చేసింది. గుంటూరు, విశాఖ, ఉస్మానియా మెడికల్ కాలేజీల డాక్టర్లు పెద్ద సంఖ్యలో విమానాలెక్కింది ఆ తర్వాతే.