తల లేని ఫొటోలతో ఊబకాయం తగ్గదు

"పేపర్లు ఊబకాయం గురించి కటువుగా రాస్తేనే మంచిది, సిగ్గేస్తేనే జనం ఒళ్లు తగ్గించుకుంటారు. అయినా లావంటే ఏముంది, నోరు కట్టుకోలేకపోవడమేగా! పొద్దున్నే జీలకర్ర నీళ్లు తాగి నడిస్తే నెలలో పది కిలోలు పోతాయి."

ఈ మెసేజ్ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. నేను మూడేళ్లు ఒక న్యూస్ వెబ్‌సైట్ డెస్క్‌లో ఆరోగ్యం పేజీ చూశాను. ఈ మాటలు జనంలోకి వెళ్లడంలో మా హెడ్డింగుల పాత్ర కూడా ఉంది కాబట్టి జవాబు చెప్పాలనిపించింది.

ముందు జీలకర్ర నీళ్లు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. నెలలో పది కిలోలు కరగాలంటే రోజూ ఖర్చయ్యే దానికన్నా 2,500 కేలరీల పైన తక్కువ తినాలి. కూర్చుని పనిచేసే స్త్రీకి రోజు మొత్తానికి కావాల్సిందే 1,660 అని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క. ఆవిడ నెలంతా కటిక ఉపవాసం ఉన్నా అంత కొవ్వు కరగదు.

ఇక నోరు కట్టుకోవడం. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. పోటీలో వాళ్లు సగటున 58 కిలోలు తగ్గారు. నోరు కట్టుకోవడం చేతకానివాళ్లు అంత తగ్గగలరా? అయినా ఒక్కరు తప్ప అందరికీ బరువు ఎంతో కొంత తిరిగొచ్చింది. ఆరేళ్ల తర్వాత కూడా వాళ్ల శరీరం, అంత బరువున్న మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు రోజుకు ఖర్చు చేయాల్సిన దానికన్నా దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తోంది. తగ్గిన బరువును శరీరం వెనక్కి లాక్కుంటుందన్న ఈ సంగతి మన వార్తల్లో ఎప్పుడో గానీ కనిపించదు.

ఒక్కొక్కరి అదుపే కారణమైతే ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మంది అధిక బరువుతో ఎందుకున్నట్టు? ఇది 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మాట. మన పళ్లెంలో 50 నుంచి 70 శాతం శక్తి బియ్యం, గోధుమల్లాంటి ధాన్యాల నుంచే వస్తోందని, అది 45 శాతం దాటకూడదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. పప్పు, కూరగాయలు, పళ్ల ధరలు చూస్తే అన్నమే ఎందుకు ఎక్కువ తింటున్నారో తెలుస్తుంది. ఊబకాయం వార్తలో రాయాల్సింది ఆ ధరల గురించి.

సిగ్గు మాట చివరికి ఉంచాను, నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. ఇంగ్లండ్‌లో యాభై దాటిన దాదాపు 2,900 మందిని నాలుగేళ్లు గమనించిన అధ్యయనం 2014లో వచ్చింది. బరువు వల్ల చిన్నచూపు చూశారని చెప్పినవాళ్లు సగటున 0.95 కిలో పెరిగారు. ఆ బాధ లేనివాళ్లు 0.71 కిలో తగ్గారు.

ఆ చిన్నచూపు వార్త చదవకముందే ఫొటోలో మొదలవుతుంది. అమెరికాలో ఊబకాయంపై పనిచేసే, అప్పట్లో యేల్ యూనివర్సిటీలో ఉన్న రడ్ సెంటర్ పరిశోధకులు ఐదు న్యూస్ వెబ్‌సైట్లు పరిశీలించి, లావుగా ఉన్నవాళ్ల ఫొటోల్లో 72 శాతం కించపరిచేలా ఉన్నాయని 2011లో తేల్చారు: తల కోసేసినవి, పొట్ట మాత్రమే చూపేవి, తింటూ ఉన్నవి. మా డెస్క్‌లోనూ అంతే. బీపీ వార్తకు డాక్టర్ పట్టీ కట్టి చూస్తున్న ఫొటో పెట్టేవాళ్లం, ఊబకాయానికి మాత్రం మెడ దగ్గర కత్తిరించేసి పొట్ట మాత్రమే కనిపించే ఫొటో.

ఒకసారి మేం అలా పెట్టిన ఫొటో చూసి ఒకావిడ ఫోన్ చేసింది. "ఆ పార్కు ఫొటోలో ఉన్నది నేనేనండి. తల తీసేస్తే ఏం, చీర చూసి మా వీధిలో అందరూ గుర్తుపట్టారు. ఆ రోజు నుంచి నడకకు వెళ్లడం మానేశాను" అంది.

గంటలో ఆ ఫొటో తీసేశాం. దాని స్థానంలో పెట్టింది ఇంకొకరి పొట్ట, అదీ తల లేనిదే.