మహారాజశ్రీ చార్టు పేపరు గారికి

మహారాజశ్రీ చార్టు పేపరు గారి సముఖానికి,

శ్రీకాకుళం నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన ఒక జడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్పుకునే మాస్టారు నమస్కరించి రాయునది ఏమనగా, మేమిక్కడ క్షేమం. తమరు కూడా స్టాఫ్‌రూము బీరువా మీద, నడుముకు రబ్బరు బ్యాండు బిగించుకుని, నిరుటి దుమ్ముతో సహా క్షేమంగానే ఉన్నట్టు ఈ పొద్దున స్టూలెక్కి చూశాను. మీ చుట్టలో బల్లి రెండు గుడ్లు పెట్టింది. మీ దగ్గర ఇప్పటిదాకా జరిగిన వాటిలో నిజంగా ఇద్దరు కలిసి చేసిన పని బహుశా అదొక్కటే.

మీకు ఉత్తరం రాయాల్సి వస్తుందని అనుకోలేదు. కానీ మా క్లాసులో ఏళ్ల తరబడి నాకంటే మీ మాటే ఎక్కువ చెల్లుతోంది. నేను "గ్రూపులుగా కూర్చోండర్రా" అనడం ఆలస్యం, వెనక నుంచి "సార్టు తేవాలా మాస్టారూ?" అని కేక వస్తుంది. పాఠం ఏమిటి, తేల్చాల్సింది ఏమిటి అని ఒక్కరూ అడగరు. ఏ రంగుదని అడుగుతారు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర బుక్‌స్టాల్లో చిల్లర పెడితే వచ్చేసే తమరు, ఆరుగురు పిల్లలు కలిసి ఆలోచించారనడానికి సాక్ష్యంగా ఎలా చలామణీ అవుతున్నారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. సీసీఈ, అంటే నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చి, ఎఫ్ఏలో, అంటే ఏడాది మధ్యలో వేసే మార్కుల్లో, ప్రాజెక్టు పనికి పది పెట్టిన రోజే మీ దశ తిరిగిందని మా స్టాఫ్‌రూములో ఒక అభిప్రాయం.

తమరు క్లాసులోకి వేంచేశాక జరిగే ఉత్సవం మీకు తెలియనిది కాదు. మొదటి పీరియడు మొత్తం బార్డరుకు పోతుంది. స్కేలు ఒకటే ఉంటుంది, అదీ పక్క గ్రూపు దగ్గర ఉంటుంది. రెండో పీరియడు హెడ్డింగుకి. అక్షరాలకు జంటగీతలు, గీతల మధ్య రంగు, రంగు మీద మెరుపుల పొడి. ఎర్ర స్కెచ్ పెన్ను ఎండిపోయి ఉంటుంది, దాన్ని నాలుకతో తడిపి బతికించేవాడు ఒకడుంటాడు. మూడో పీరియడు గంట కొట్టడానికి పది నిమిషాల ముందు అసలు విషయాన్ని టెక్స్ట్‌బుక్కులోంచి ఉన్నదున్నట్టు దింపుతారు. దింపేది అందరూ కాదు. ప్రతి గ్రూపులోనూ చేతిరాత బాగున్న అమ్మాయి ఒకతె ఉంటుంది. ఆ చేతిరాతే ఆ పిల్ల తలరాత. మిగతా ఐదుగురూ చుట్టూ మూగి, రాసే చోట సరిగ్గా నీడ పడేలా వంగి చూస్తారు. చివర్న కుడివైపు మూలలో "గ్రూపు సభ్యులు" అని రాసేటప్పుడు మాత్రం అందరూ హాజరు. నా పేరు కిందకెందుకొచ్చిందని గొడవ.

నిరుడు ఎనిమిదో తరగతిలో పొందూరు ఖద్దరు మీద ప్రాజెక్టు ఇచ్చాను. మన జిల్లాదే, పిల్లలకు తొందరగా ఎక్కుతుందని ఆశ. సన్న ఖద్దరు సంగతి మీకు చెప్పక్కర్లేదు, మీ మీదే రాశారు. పత్తిని గింజతో ఉండగానే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్ల మధ్య నలుసులన్నీ పోతాయి. తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం. ఆ ఏకుల్ని అరటి దొప్పలో పెట్టుకుని రాట్నం మీద వడుకుతారు. దారం నూరో కౌంటు దాకా, ఆపైన కూడా తీస్తారు; కౌంటు పెరిగేకొద్దీ దారం సన్నం. అప్పుడు గానీ మగ్గం ఎక్కదు. దువ్వే చేతిలో అశ్రద్ధ ఉంటే వడికే చేతిలో దారం తెగుతుంది. వడికే చేతిలో అశ్రద్ధ ఉంటే నేసేవాడి దగ్గర తెగుతుంది. ఎవరి పని వాళ్లు మెప్పుకోసం కాదు, ముందున్న చేయి తిట్టకుండా ఉండటం కోసం చేస్తారు.

ఇన్ని చేతులు మారితే గానీ బయటికి రాని బట్ట గురించి, చార్టు మొత్తం ఒక్క పిల్ల ఒక్క రాత్రిలో రాసుకొచ్చింది. చేప బొమ్మ వాళ్లక్క వేసిందట, డిగ్రీ చదువుతోంది. ముఖ్యమైన సభ్యురాలే గానీ పేరు మూలలో లేదు.

గ్రూపులో ఒక కుర్రాణ్ని లేపి, "వాలుగ చేప దేనికి వాడతారురా?" అన్నాను.

"పులుసుకండి."

కాదనలేం. "మరి నువ్వేం చేశావు దీంట్లో?"

"టేపు నానే తెచ్చినానండి."

అలవాటు కొద్దీ పదికి ఎనిమిది వేశాను, ఆరుగురికీ. ఆ పిల్ల ఏమీ అనలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. కూర్చునేటప్పుడు చూశాను, మధ్యవేలికి కణుపు దాకా నీలం రంగు ఇంకా ఉంది.

ఇంటికెళ్లాక ఆ కుర్రాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. వాడి తప్పేముంది? ఒక్కరే చక్కగా చేసుకోగల పనిని ఆరుగురికి ఇచ్చి, కలిసి చేయండన్నది నేను. ఆరుగురు ఒక చార్టు మీదకు ఒకేసారి వంగనైనా వంగలేరు, తలలు కొట్టుకుంటాయి. పైగా కలిసి పనిచేయడం ఎలాగో నేను ఏ రోజూ చెప్పలేదు. భిన్నాలు చెప్తాం, సంధులు చెప్తాం, అక్షాంశాలు చెప్తాం. ఎదుటివాడు చెప్పేది పూర్తయ్యేదాకా ఆగడం, నాకు ఫలానా ముక్క అర్థం కాలేదని అడగడం, నీ మాట తప్పనిపిస్తోందని మొహం చిట్లించకుండా చెప్పడం మాత్రం పుట్టుకతో వస్తాయనుకుంటాం. రాలేదని మళ్లీ వాళ్లనే తిడతాం.

పదిమందిలో పాము చావదని మనవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. మాక్స్ రింగెల్మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు ఇదే సంగతిని మనుషుల చేత తాడు లాగించి కొలిచి, 1913లో అచ్చు వేశాడు. ఒక్కడే లాగినప్పుడు పెట్టే బలంలో, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు తలా దాదాపు సగమే పెట్టారట. అందరూ ఒకే క్షణాన లాగలేకపోవడం కొంత, పక్కవాడున్నాడులే అన్న ధీమా కొంత. ఆయనకు మన పాము సామెత తెలిసుంటే తాడు ఖర్చు మిగిలేది.

కానీ కళింగపట్నం ఒడ్డున పెద్దవల లాగుతుంటే ఒక ఆదివారం పొద్దున నిలబడి చూశాను. ఒక తాడు కొస ఒడ్డున వదిలి, పడవ సముద్రంలోకి అర్ధచంద్రంలా వల వదులుతూ పోయి, రెండో కొస అదే ఒడ్డున కాస్త అవతలికి తెస్తుంది. రెండు వైపులా జనం. రెండు కొసలూ సమంగా రావాలి, ఒకటి ముందొస్తే చేప జారిపోతుంది. అక్కడ గ్రూపు లీడరు బ్యాడ్జీ లేదు. తాడు వదులు చేసినవాణ్ని ఎవరూ రాసుకోరు. వాడి వెనకున్నవాడి అరచేతికి తెలిసిపోతుంది, వెంటనే ఒక బూతు వినిపిస్తుంది. వల ఒడ్డుకు చేరాక వాటా ఉంటుంది. ఇంకేం కావాలి? మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జాన్సన్ అన్నదమ్ములు సహకార అభ్యసనం మీద ఏళ్ల తరబడి రాసిన దాంట్లో ముఖ్యమైన వాటిలో రెండు ఇవి: ఒకరు లేకుండా ఇంకొకరికి గడవకూడదు, ఎవరి లెక్క వాళ్లు చెప్పగలగాలి. ఆ బూతు సంగతి వాళ్లు రాశారో లేదో మాత్రం చెప్పలేను.

ఈ సూత్రాలు మాకు ట్రైనింగులో చెప్పారు. ఎలా చెప్పారంటారా? తమరినే ఇచ్చి. టీచర్లందర్నీ ఎనిమిదేసి మందిని చేసి, గ్రూపుకో చార్టు, రెండు మార్కర్లు ఇచ్చి, "సహకార అభ్యసనం మీద మీ ఆలోచనలు రాయండి" అన్నారు. మా గ్రూపులో రాత బాగున్న తెలుగు మేడం ఉన్నారు. మేమందరం గౌరవంగా మార్కరు ఆవిడ వైపు జరిపాం. ఆవిడ రాస్తున్నంతసేపూ మేం డీఏ బకాయిల గురించీ బదిలీల గురించీ ఏకాభిప్రాయానికి వచ్చాం. మా చార్టు బాగుందని అందరూ చప్పట్లు కొట్టారు. గోడకు అంటించేటప్పుడు టేపు పట్టుకున్నది నేనే.

అందుకే ఈ ఏడాది తమరిని కొన్నాళ్లు బీరువా ఎక్కించి వేరే దారి చూశాను. 1971లో అమెరికాలో ఆస్టిన్ అనే ఊళ్లో, వేరువేరు జాతుల పిల్లల్ని ఒకే బడిలో కూర్చోబెట్టాక క్లాసుల్లో ఎడమొహం పెడమొహంగా ఉంటే, ఎలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులతో కలిసి ఒక ఉపాయం పన్నాడు. పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒక ముక్క ఇవ్వడం. మిగతా ముక్కలు కావాలంటే పక్కవాణ్ని బతిమాలుకోవాల్సిందే. పరీక్ష మాత్రం మొత్తం మీద, ఎవరికి వారికే. జిగ్‌సా అంటారు దీన్ని.

ఇద్దరేసి కూర్చునే డెస్కులు కాబట్టి ముందువాళ్లు వెనక్కి తిరిగితే నలుగురు. నాలుగు ముక్కలు చేశాను: వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుదా. మొదటిరోజు ఘోరంగా పోయింది. ఒక గ్రూపులో నాగావళి పిల్ల బడికే రాలేదు. శ్రీకాకుళం ఊరి మధ్య నుంచి పారే నది మా క్లాసులో ఆ రోజు లీవు. ఇంకో గ్రూపులో నలుగురూ తమ కాగితాలు గట్టిగా, ఒకేసారి, ఒకరికొకరు చదివేసి అయిపోయిందన్నారు. గోలకు హెడ్మాస్టారు వచ్చి తలుపు దగ్గర నిలబడి, "ఏటి మాస్టారూ, మీరు లేరనుకున్నాను" అన్నారు.

రెండోసారి కాస్త బుద్ధి తెచ్చుకున్నాను. అన్ని గ్రూపుల్లోని వంశధారలూ ముందు ఒకచోట కూర్చుని తమ ముక్క నేర్చుకున్నాక తమ గ్రూపుకు వెళ్లి చెప్పాలి. చెప్పేవాడి కాగితం ఇంకొకరు ముట్టుకోకూడదు. "సెప్పరా బేగి" అనకూడదు, ఏ మాట దగ్గర ఆగిపోయారో ఆ మాట పట్టుకుని అడగాలి. చివర్న ఎవరు లేచి చెప్పాలో ఖాళీ చాక్‌పీసు డబ్బాలోంచి చీటీ తీస్తాను, లీడరు లేడు. బోర్డు మీద రాసి, నేనూ హెడ్మాస్టారూ నటించి కూడా చూపించాం. ఆయన అర్థం కానివాడిగా బాగా చేశారు.

మన టేపు కుర్రాడికి వంశధార వచ్చింది. చదవడంలో వాడు నెమ్మది. "ఒడిశాలో... పుట్టి..." అని కూడబలుక్కుంటుంటే, అదే గ్రూపులో పడిన నీలం వేళ్ల పిల్ల ఓపిక పట్టలేక, "ఇటియ్యి, నాను సదువుతాను" అని చెయ్యి చాపింది. బోర్డు వైపు చూసి మళ్లీ తీసేసుకుంది. వాడు "కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది" దాకా వచ్చి ఆగాడు. కాగితం పక్కన పెట్టేశాడు. వాళ్లది ఒడ్డున ఊరు, నాన్న వేటకెళ్తాడు.

"ఇదలాగ కాదు. మొగ ఒక్కసోట ఉండదు. ఇసక మేటేసిందంటే పక్కకెల్లిపోద్ది" అని, మొగను, అంటే నది సముద్రంలో కలిసే చోటును, డెస్కు మీద వేలితో గీశాడు. ఒకసారి ఇక్కడ, ఇంకోసారి అక్కడ.

ఆ పిల్ల ఆ వేలినే చూస్తూ, "మరి జరిగిపోతే పడవలు ఎలాగొస్తాయి?" అంది.

రెండేళ్లుగా ఆ అమ్మాయిని చూస్తున్నాను. గ్రూపులో కూర్చుని రాయడమే గానీ, ఒకర్ని ఒక మాట అడగడం అదే మొదలు. వాడికి జవాబు చెప్పడానికి మిగతా పీరియడు చాల్లేదు. బాహుదా పాపం ఆ రోజు మిగిలిపోయింది.

ఆ తర్వాతే తమరిలో ఒకర్ని, పసుపు రంగాయన్ని, కిందకు దించాను. ఒక షరతు పెట్టాను. ఒక్కొక్కరికి ఒక్కో రంగు స్కెచ్ పెన్ను, ఎవరి రంగుతో వాళ్లే రాయాలి, మార్చుకోకూడదు. ఎవరెంత చేశారో దూరం నుంచే కనబడుతుంది. ఒక గ్రూపు చార్టులో ఆకుపచ్చ బార్డరులో తప్ప ఎక్కడా లేదు. ఆ ఆకుపచ్చవాణ్ని నేనేమీ అనలేదు, మిగతా ముగ్గురూ చూసుకున్నారు. అందరికీ ఎనిమిది వేసే నా చేతికి ఆ రోజు కాస్త కష్టమైంది.

మన కుర్రాడి గ్రూపు చార్టులో మొగ మూడు చోట్ల ఉంది, మూడూ వాడి ఊదా రంగులోనే. పక్కన నీలం రంగులో ప్రశ్నలు, కొన్నిటికి జవాబుల్లేవు. బార్డరు లేదు. మొన్న తనిఖీకి వచ్చినవారు దాని ముందు చాలాసేపు నిలబడి, "హెడ్డింగేదండీ?" అన్నారు.

టైము చాల్లేదండీ అన్నాను.

బీరువా మీదున్న తమరు కంగారు పడొద్దు. బల్లి గుడ్లు పిల్లలయ్యేదాకా మిమ్మల్ని కదపను.

ఇట్లు,
టేపు పట్టుకున్న మాస్టారు