కంప్లీట్, నాలుగో డిస్కు తప్ప

ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టిన పాత జాజ్ సీడీల పెట్టె అది. లిస్టింగ్ మొదటి లైన్లో "కంప్లీట్ సెట్" అని ఉంది. రెండో లైన్లో "కండిషన్: వెరీ గుడ్ ప్లస్" అని ఉంది. ఆ కింద ఏడు ఫొటోలు. మూడు పెట్టె మూతవి, రెండు పెట్టె అడుగువి, ఒకటి పెట్టె కింద పరిచిన చారల దుప్పటిది, ఇంకొకటి ఫ్లాష్ పడి తెల్లగా వెలిగిపోతున్న ఏదో వస్తువుది. తర్వాత పోస్టేజీ వివరాలు. అన్నిటికన్నా అడుగున, చిన్న అక్షరాల్లో, ఈ వాక్యం: "మా ఇంట్లో సిగరెట్ తాగేవాళ్ళు లేరు, పెంపుడు జంతువులు లేవు, నాలుగో డిస్కు లేదు."

డబ్బు కట్టేశాక చదివాను. ముందే చదువుకోవాల్సింది అని మీరు అనరని తెలుసు. జాజ్ బాక్స్ సెట్లు ఆన్‌లైన్లో కొనే జాతివాళ్ళు ఎవరూ అనరు. "ఒక్కటే మిగిలింది, 14 మంది చూస్తున్నారు" అన్న ఎర్ర అక్షరాలు కనబడగానే మనకు చూపు మందగిస్తుంది. వేలు మాత్రం మహా చురుగ్గా పనిచేస్తుంది.

అయినా ఆ వాక్యం అల్లిక చూడండి, ఎంత ముచ్చటగా ఉందో. పొగ లేదు, పిల్లి లేదు, డిస్కు లేదు. ఇంటి పెద్దలు పెట్టిన కట్టుబాట్లలా ఉంది. సిగరెట్ ముట్టరు, కుక్కను గడప తొక్కనివ్వరు, నాలుగో డిస్కు జోలికి అసలే పోరు. అంత మర్యాదస్తుల ఇంటినుంచి ఒక సెట్టు నా ఇంటికి వస్తోందంటే మొదట కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఇంతకీ ఆ సెట్టు ఏదో చెప్పలేదు కదూ. డీన్ బెనెడెట్టి అని ఒకాయన ఉండేవాడు. తానూ శాక్సఫోన్ వాయించేవాడే, కానీ జాజ్ శాక్సఫోన్ దిగ్గజం చార్లీ పార్కర్‌ను విన్నాక బుర్ర తిరిగిపోయింది. 1947లో, 1948లో పార్కర్ వాయించే క్లబ్బులకు రికార్డింగ్ మిషన్ మోసుకుపోయేవాడు. పార్కర్ సోలో, అంటే తానొక్కడే ముందుకొచ్చి వాయించే వంతు, అందుకోగానే మిషన్ ఆన్. సోలో అవగానే ఆఫ్. ట్రంపెట్ వంతు వచ్చిందా, ఆఫ్. పియానో వంతా, ఆఫ్. ఖాళీ డిస్కులూ టేపూ దండగ చెయ్యడం ఇష్టంలేదో, భక్తి ముదిరిందో, మొత్తానికి ఆయన దగ్గర మిగిలినవి చాలావరకు తలా తోకా లేని ముక్కలు. బెనెడెట్టి 1957లో పోయాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అవి నిజంగా ఉన్నాయా, ఉత్త కథేనా అని చెప్పుకునేవాళ్ళు. చివరికి దొరికాయి. 1990లో మొజాయిక్ రికార్డ్స్ అనే జాజ్ కంపెనీ వాళ్ళు వాటిని ఏడు సీడీల పెట్టెగా తెచ్చారు. దాని పేరులోనే "కంప్లీట్" అన్న మాట ఉంది.

అంటే, ముక్కలు ముక్కలుగా రికార్డు చేసినదానికి సంపూర్ణ సంకలనం. ఇందులో ఏదో వేదాంతం ఉంది, ఒప్పుకుంటాను. ఆ వేదాంతాన్ని మా సెల్లర్ ఎంత దూరం లాక్కెళ్ళాడో చూడండి.

మొదటి మెయిల్ మర్యాదగానే రాశాను. "ఏడు డిస్కుల సెట్టులో ఆరే ఉన్నప్పుడు కంప్లీట్ అని ఎలా రాశారండీ?" అని. అరగంటలో జవాబు వచ్చింది. "పెట్టెలో గూళ్ళు ఏడూ ఉన్నాయి సార్. ఒక్కటి కూడా విరగలేదు. అందుకే కంప్లీట్ అన్నాను."

నేను గూళ్ళు కొనలేదండీ, డిస్కులు కొన్నాను అని రాశాను.

"ఉన్న ఆరు డిస్కులూ మొదట్నుంచి చివరిదాకా కంప్లీట్‌గా ప్లే అవుతాయి సార్."

లేనిదాని సంగతి అడుగుతున్నాను అని రాశాను. ఈసారి జవాబు రావడానికి ఒక పూట పట్టింది. పాపం ఆలోచించినట్టున్నాడు. "అసలు రికార్డు చేసినాయనే పక్కన వాయించేవాళ్ళందర్నీ వదిలేశాడు కదా సార్. నేను వదిలేసింది ఒక్క డిస్కు."

కాసేపు కుర్చీలో అలాగే ఉండిపోయాను. అంతసేపూ ఈ మనిషికి పెట్టెలో ఏముందో తెలియదని జాలిపడుతున్నాను. తెలుసు. చరిత్రంతా తెలుసు. తెలిసే వాదిస్తున్నాడు. తెలియనివాడికి చెప్పొచ్చు, తెలిసినవాడికి డబ్బు కట్టడం తప్ప ఏమీ చెయ్యలేం.

కంప్లీట్ అంటే ఏమిటో ఈ రంగానికి కొత్త సంగతేమీ కాదు. 1961 జూన్ 25, ఆదివారం, న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో పియానో వాద్యకారుడు బిల్ ఎవాన్స్ ముగ్గురి బృందం, ట్రియో, వాయించింది. "గ్లోరియాస్ స్టెప్" అనే ట్యూన్ మొదటిసారి వాయిస్తున్న టేక్ నడుస్తుండగా కరెంటు దెబ్బకి రికార్డింగు మధ్యలో తెగిపోయింది. ఆ ట్యూన్ రాసిన బేస్ వాద్యకారుడు స్కాట్ లఫారో మరో 11 రోజులకు కారు ప్రమాదంలో చనిపోయాడు. వయసు 25. ఆ రోజు రికార్డింగులన్నీ కలిపి 2005లో మూడు సీడీల సెట్టుగా వేసినప్పుడు ఆ తెగిపోయిన టేక్‌ను పారెయ్యలేదు. తెగినచోట తెగినట్టే ఇచ్చారు. కరెంటు పోయిన క్షణాన్ని కూడా వదలకపోవడాన్ని కంప్లీట్ అంటారు. గూళ్ళు లెక్కపెట్టుకోవడాన్ని వడ్రంగం అంటారు.

ఇక ఆ "వెరీ గుడ్ ప్లస్" సంగతి. పాత రికార్డుల వ్యాపారంలో ఒక గ్రేడింగ్ నిచ్చెన ఉంది. పైనుంచి కిందికి మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్ ప్లస్, గుడ్, ఫెయిర్, పూర్. ఎనిమిది మెట్లలో "గుడ్" అనేది ఆరోది. చిటపటల మధ్యనుంచి సంగీతం ఎలాగో బయటికి వచ్చి, సూది ఎగిరిపడకుండా చివరికి చేరితే ఆ రికార్డు గుడ్. ఈ భాష వంటబట్టడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. బాగుంది అంటే బాగాలేదు. చాలా బాగుంది అంటే ఫరవాలేదు. మింట్ అంటే ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడు. పైగా ఇదంతా విని వేసే గ్రేడు అనుకునేరు. చాలామంది బల్బు కింద పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి వేస్తారు. సంగీతాన్ని కళ్ళతో పరీక్షించే ఏకైక వృత్తి ఇదేనేమో.

అసలు కండిషన్ అనే మాటకే దిక్కులేకుండా చేసిన పెట్టె ఒకటుంది. 1997లో బిల్ ఎవాన్స్ వెర్వ్ అనే కంపెనీకి చేసిన రికార్డింగులన్నీ కలిపి 18 డిస్కుల సెట్టుగా వేశారు. దాని పెట్టె ఉక్కుది. కావాలనే తుప్పు పట్టేలా చేశారు. అంటే కాలం గడిచేకొద్దీ పాడవడమే దాని డిజైన్. ఇప్పుడు సెల్లర్ల అవస్థ చూడాలి. ఒకడు "కొంచెం తుప్పు ఉంది, అందుకే ధర తగ్గించాను" అంటాడు. పక్కవాడు "తుప్పు చక్కగా పట్టింది, అందుకే ధర పెంచాను" అంటాడు. ఇంకో మహానుభావుడు ఎమరీ పేపర్ పెట్టి రుద్ది తళతళలాడించి "కొత్తదానిలా ఉంది" అని ఫొటో పెట్టాడు. ఆ ఫొటోలో పెట్టె మీద ఆయన మొహం కనబడుతోంది. సంతోషంగానే ఉన్నాడు.

సీల్డ్ సెట్ల బ్యాచ్ వేరు. మొజాయిక్ పద్ధతి ఏమిటంటే, పెద్ద కంపెనీల దగ్గర హక్కులు కొంతకాలానికి తీసుకుని, ఇన్నే కాపీలు అని లెక్క పెట్టి, పెట్టె మీద నంబరు వేసి అమ్ముతారు. అయిపోయాయంటే అయిపోయినట్టే. ఆ నంబరు చూసి కొందరికి ఆశ పుట్టింది. సీలు విప్పకుండా బీరువాలో దాచి, ధర పెరిగేదాకా కూర్చుంటారు. హెర్బీ నికల్స్ అని ఒక పియానో వాద్యకారుడు, బ్లూ నోట్ కంపెనీకి 1955, 56లో సొంత ట్యూన్లు వాయించి ఇచ్చాడు. పట్టించుకున్నవాళ్ళు తక్కువ. పొట్టకూటికి డిక్సీల్యాండ్ అనే పాతకాలపు జాజ్ బ్యాండ్లలో వాయించుకుంటూ 1963లో 44 ఏళ్ళకే పోయాడు. 1987లో ఆయన బ్లూ నోట్ రికార్డింగులన్నీ మొజాయిక్ సెట్టుగా వచ్చాయి. బతికుండగా వినేవాడు దొరకని మనిషి రికార్డులు. వాటిని తెచ్చి, ప్లాస్టిక్ చింపకుండా "ఎవరూ ఎప్పుడూ విననిది" అని గొప్పగా అమ్ముతారు. అయ్యా, ఆయన బాధ అదే కదా.

సరే, నా పార్సిల్ వచ్చింది. ఊపితే లోపల గలగలమంది. ఈ చప్పుడు మీకు తెలుసు. సీడీ కేసు మధ్యలో డిస్కును పట్టుకునే చిన్న ప్లాస్టిక్ పళ్ళు ఉంటాయే, అవి ఊడి లోపల తిరుగుతున్నాయన్నమాట. రెండో డిస్కు కేసు తెరిస్తే నాలుగు పళ్ళు ఒళ్ళో రాలాయి. (గూళ్ళు ఏడూ ఉన్నాయి, పళ్ళ సంగతి ఆయన చెప్పలేదు.) నాలుగో గూడు తెరిచాను. ఆశ్చర్యం, ఖాళీగా లేదు. ఇంట్లో రాసుకునే తెల్ల సీడీ ఒకటి ఉంది. దాని మీద నల్ల మార్కర్ పెన్నుతో పెద్దగా "4" అని. పక్కన చిన్న కాగితం: "మీరు బాధపడుతున్నారని కంప్లీట్ చేసి పంపుతున్నాను సార్."

మనసు కరిగింది. నిజంగా. ఎంతైనా మనిషి అనుకుని, ప్లేయర్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. పార్కర్ అందుకున్నాడు. ఈ ముక్క ఎక్కడో విన్నానే అనిపించింది. రెండోది కూడా విన్నట్టే ఉంది. మూడోదానికి అర్థమైంది. అది మూడో డిస్కు. మూడో డిస్కును కాపీ చేసి, దాని మీద 4 అని రాశాడు. ఇప్పుడు నా దగ్గర డిస్కులు ఏడు. లెక్క సరిపోయింది. కంప్లీట్.

పోనీ, నాలుగో డిస్కులో నేనేం పోగొట్టుకున్నానో కనీసం చదువుకుందామని బుక్‌లెట్ కోసం చూశాను. లేదు. మూతకింద లేదు, అడుగున లేదు. పొగ లేని, పిల్లి లేని ఇంటి జాబితాలో బుక్‌లెట్ ప్రస్తావన కూడా లేదు. మెయిల్ పెట్టాను. "బుక్‌లెట్ సెట్టులో భాగం కాదు సార్, అది కాగితం" అని జవాబు.

రెండు రోజుల తర్వాత అదే సైట్‌లో ఇంకో లిస్టింగ్ కనబడింది. "బుక్‌లెట్ మాత్రమే. అరుదైనది. ఫొటోలు ఫ్రేమ్ కట్టించుకోవడానికి అనుకూలం." ఫొటోలో బుక్‌లెట్ కింద చారల దుప్పటి. అదే దుప్పటి. అవే చారలు.

ఇంతవరకూ నవ్వుతూనే చెప్పుకొచ్చాను. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు.

1947 మార్చిలో లాస్ ఏంజెలిస్‌లో హై-డి-హో క్లబ్బులో పార్కర్ పక్కన ట్రంపెట్ వాయించింది హోవర్డ్ మెక్‌గీ. పియానో హ్యాంప్టన్ హాస్. బేస్ ఆడిసన్ ఫార్మర్. డ్రమ్స్ రాయ్ పోర్టర్. రాత్రంతా వాళ్ళూ చెమటోడ్చారు. తన వంతు రాగానే మెక్‌గీ ట్రంపెట్ పెదాలకు ఆనించి ఉంటాడు, సరిగ్గా అప్పుడే మిషన్ ఆఫ్. ఆ రాత్రుల్లో ఆయన వాయించిన సోలోలు ఆ గది దాటలేదు. అక్కడ కూర్చుని విన్నవాళ్ళతోపాటే పోయాయి. మిగిలింది ఆయన పేరు, వాద్యం, తేదీ. అవి అచ్చయింది ఆ బుక్‌లెట్ కాగితంలో. ఏ ముక్క ఏ రాత్రిదో, ఏ ట్యూన్‌లోదో తేల్చడానికి జాజ్ చరిత్రకారుడు ఫిల్ షాప్ లాంటి మనిషి ఆ చిటపటల్లో చెవులు పెట్టుకుని కూర్చున్నాడు. ఒకసారి మిషన్ వాళ్ళను వదిలేసింది. ఆ వదిలేసినవాళ్ళ పేర్లు ఒక్కచోట పెట్టిన కాగితాన్ని పీకి, ఫొటోలు గోడకు బాగుంటాయని విడిగా అమ్ముతావా? సిగ్గుండక్కర్లేదా? ఫోన్లో వినొచ్చు కదా అనేవాళ్ళకు కూడా ఇదే చెబుతున్నాను. చాలా యాప్‌లలో పైన పెద్ద అక్షరాల్లో ఒక పేరు ఉంటుంది, కింద ట్రాక్ నంబరు ఉంటుంది. బేస్ ఎవరు అని అడిగి చూడండి. డ్రమ్స్ ఎవరు అని అడగండి. తర్వాతి పాట మొదలవుతుంది, అంతే.

ఆ కాగితం లేకపోతే ఈ ఏడు డిస్కులూ ఎవరో ఎక్కడో వాయించిన ముక్కలు. నా విషయంలో ఆరు డిస్కులు, ఒక మార్కర్ పెన్ను గీత.

తిట్టాల్సినవన్నీ ఇంట్లోనే గట్టిగా తిట్టాను. తర్వాత ఏం చేశానంటారా? మీరేం చేసేవారో అదే చేశాను. "ఒక్కటే మిగిలింది" అని ఎర్ర అక్షరాలు కూడా వచ్చాయి.

కవరు నిన్న వచ్చింది. టేబుల్ మీదే ఉంది, ఇంకా విప్పలేదు. లిస్టింగ్‌లో "బుక్‌లెట్, కంప్లీట్" అని రాశాడు. అదే టెన్షన్.